గోరు రంగు

ప్రొద్దుటూరు బంగారంగళ్ల వెనక సందులో నా స్టూడియో.
పెళ్లికూతుళ్లకు తెలుపు, ఎండిన పెన్నకు నీళ్లు,
అడిగినోళ్లకు అడిగినంత పోస్తా.

మాపటేళ కుళ్లాయప్ప వచ్చినాడు,
కంటికి బిగించే భూతద్దంతో, ఫోన్లో ఒక ఫోటోతో.
విక్టోరియా రూపాయి.
అంచున పసుపు, లోపల చెంగావి,
రాణి చెంప మీద నెమలిమెడ నీలం.
"పదైదు వేలంట. చూడబ్బీ, నిజమేనా?"

జేబులోంచి తనది తీసినాడు,
వాళ్లవ్వ దస్తావేజు కాగితంలో చుట్టి మరిచిన రూపాయి.
లైటు కింద వంచితే
రంగు ఒత్తిగిలింది.
ఇంకాస్త వంచితే ఉత్త మసి.
"వెండి తొందరపడదు," అన్నాడు,
"అంచున మొదలుపెట్టి నడిమికి వచ్చేసరికి
ఒక మనిషి బతుకు అయిపోతాది."

నేను ఫోన్లో ఫోటోను పెద్దది చేసినా.
రూపాయి కింద నీడ నీలం.
పరిచిన తెల్లగుడ్డ మడతలో వంకాయ రంగు.
పట్టుకున్న బొటనవేలి గోరు
అదీ నీలమే, పాము కరిచినట్టు.

"గోరు చూడు, కుళ్లాయన్నా."
చూసి, తొడ చరిచి నవ్వినాడు.
"దొంగనాయాలు, గోరు మరిచినాడు!"

పోయిన నెల
కర్నూలు నుంచి ఎవరో పంపినారు:
మాసిన రూపాయి, కొంచెం రంగు పెంచమని.
నూటాయాభై.
ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
నిద్రమత్తు.

కుళ్లాయప్ప టీ చెప్పినాడు.
గ్లాసు
ఎడమచేత్తో అందుకున్నా.