పదిహేడో నెంబరు

రాజోలు దారిలో పంటకాలవ గట్టు మీద
మా స్తంభం నీళ్ళలోకి తొంగిచూస్తోంది
మొన్నటి తుపానుకి ముందు తుపాను నుంచీ.

రొయ్యల చెరువోళ్ళు దాని మొదట్లో మట్టి
ట్రాక్టర్లకెత్తుకుపోయారు.
సిమెంటు పెచ్చులూడి
ఊచలు బయటపడ్డాయి,
బక్కచిక్కిన గేదె డొక్కల్లా.

గడ్డి బండి వస్తే
పైనున్న కుర్రాడు వెల్లకిలా పడుకుంటాడు,
తీగ దాటేదాకా ఊపిరి బిగబట్టి.
ఇంకొకడు వెదురుగెడతో ఎత్తిపడతాడు.
ఆ గెడ ఎవరిదని అడక్కండి.

అర్జీ పెట్టాం. మళ్ళీ పెట్టాం.
లైన్‌మాన్ ఏసుపాదం వచ్చి
"నాలుగూళ్ళకి నేనొక్కణ్ణేనండి" అన్నాడు.
అబద్ధం కాదు.
టీ తాగి వెళ్ళాడు.

ఈ వేసవిలో డిపార్టుమెంటు కదిలింది.
పసుపు రంగు పూసి
నల్లగా పదిహేడు అని రాసి పోయారు.
అంకె మాత్రం నిటారుగా ఉంది,
స్తంభమే దాని వెనక ఏటవాలుగా.

గుబ్బల మంగతాయారు
ఏటా ఆషాఢంలో కుళ్ళిన తాడు విప్పి
కొత్త కొబ్బరితాడు బిగిస్తుంది
స్తంభానికీ, తన దొడ్లో చెట్టుకీ.
జీతం లేదు, జీపు లేదు.

ఈసారి ముడేస్తూ
చెట్టు మొదలు కేసి చూసి ఆగింది.
"ఇదీ ఒరుగుతోందిరా" అంది.

తాడు వదల్లేదు.