ఓస్లా రికార్డుల కొట్టు, లెర్విక్ రేవు

భయపెట్టేది కావాలా, మాగ్నీ?
ముందా తలుపు లాగు,
ఉప్పుగాలి నా అట్టల్ని కొరుక్కుతింటోంది.

ఇది పట్టుకెళ్ళు. ఒక్క ఫిడేలే.
రెండోవైపు మూడో పాటలో తీగ తెగుతుంది,
ముసలాయన ఆపడు.
మిగిలిన మూడింటి మీదే పెళ్ళికూతుర్ని
నీళ్ళదాకా సాగనంపుతాడు.

ఇది అక్కచెల్లెళ్ళది. వాయిద్యాల్లేవు.
హెర్రింగు చేపలకు ఉప్పు పట్టించే
పాత కొట్టంలో పాడారు.
పాడేది ఇద్దరు, ఊపిరి పీల్చేది ముగ్గురు.
లెక్కపెట్టకు.
నేను పెట్టాను.

పుర్రెల బొమ్మలున్నవి మాత్రం అడక్కు,
అవి మా మేనల్లుడు కొంటాడు,
చిప్స్ నములుతూ వింటాడు.
అసలు భయం జోలపాటలో ఉంటుందయ్యా,
బిడ్డ నిద్రపోయాక కూడా
తల్లి ఆపకపోతే.

పై అరలో అట్టలేనిదా?
అది అమ్మేది కాదు.
మా అత్త గొంతు.
పడవ తిరిగిరాని రాత్రి వంటింట్లో పాడింది.
వెనక కెటిల్ మరుగుతూనే ఉంటుంది,
ఎవరూ లేచి దించరు.

ఎందుకలా చూస్తావు?
సరే, కూర్చో. ఒక్కసారే వేస్తాను.
కోటు విప్పకు.
నాలుగో చరణంలో
మీ తాత పేరొస్తుంది.