మీసాల రంగు

ట్బిలిసీలో ట్రాములు పోయాయి గానీ
నా క్షౌరశాల ఇంకా ఉంది.
ముప్పై ఏళ్లుగా మగవాళ్ల మెడల వెనక నిలబడి
అద్దంలో వాళ్ల ముఖాలు చదివినదాన్ని.
అయినా మొన్న దుకాణం కట్టేసే వేళ
మా అమ్మాయి నాతియా అడిగినదానికి
చేతిలో దువ్వెన అక్కడే ఆగింది:
"మామయ్యదీ నాన్నదీ ఒకటే జబ్బా?"

మా తమ్ముడు మల్ఖాజ్
మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె రకం.
పెళ్లిళ్లకు అద్దె కారులో వస్తాడు.
విందులో లేచి, గ్లాసు ఎత్తి, నాలుగు మంచి మాటలు చెప్పి
కూర్చునే ముందు
బల్లంతా ఒకసారి కళ్లతో తడుముతాడు,
ఎలా చెప్పాను? అని.
చప్పట్లు పలచబడితే ఆ రాత్రి నిద్రపోడు.
పదిహేను రోజులకోసారి మీసానికి రంగు వేయించుకుని
ఖాతాలో రాసుకోమంటాడు.

దాని నాన్న ఓతార్
అద్దం వైపు చూసేవాడే కాదు.
మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు.
ఎంత సాదా మనిషో, అనేవారు మెట్ల మీద ఆడవాళ్లు.
ఆయనకు అద్దమెందుకు,
ఇంట్లో మేమిద్దరం ఉండగా?
మా ముఖాల్లో ఆయనే కనిపించాలి.
కనిపించని రోజు
మేం పగలాలి.

మరుగునీళ్లు పడి నా కుడిచెయ్యి కాలిన సాయంత్రం
ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అన్నాడు:
"రేపు నా స్నేహితులొస్తున్నారు, ఎవరు వండుతారు?"
గొంతులో కోపం కూడా లేదు.
వాన వస్తుందేమో, అన్నట్టు.

తెల్లారకముందే తమ్ముడొచ్చాడు
ఇంటి చెప్పులతో,
వేసుకుంటున్న రంగు మధ్యలో కడిగేసుకుని
సగం మీసం నలుపు, సగం తెలుపు.
వార్డంతా చూస్తుంటే
ఒక్కసారి అరచేత్తో మూతి కప్పుకున్నాడు.
తర్వాత ఆ చేత్తోనే నాకు సూప్ తాగించాడు.

ఆ రుగ్మతకు పెద్ద పేరే ఉంది.
డాక్టర్ లమారా అంది,
"నేను చూడని మనిషికి ఆ పేరు పెట్టను."
నేను చూశాను. కానీ నేను డాక్టర్ని కాను.
అందుకే నాతియాకు పేరు చెప్పలేదు,
ఇంతే అన్నాను:
మీ మామయ్య "బాగున్నానా?" అని అడుగుతాడు.
అడిగాడంటే అవతల
ఒక మనిషుందని వాడికి తెలుసు.
మీ నాన్న ఎప్పుడైనా అడిగాడా?

అది చాలాసేపు నేల ఊడ్చింది,
ఊడ్చినచోటే మళ్లీ.
"నాన్న ఒకసారి నిద్రలో ఏడ్చాడు," అంది.
దానికి నా దగ్గర జవాబు లేదు.

శనివారం మల్ఖాజ్ వస్తాడు.
రంగు డబ్బీ అడుగంటింది.
కొత్తది తేవాలి.