నడిమి బంతి

మాఘం పోకముందే అనంతపురంలో గాలి మొదలవుతుంది.
మూడో కోర్టు బోర్డు మీద సుద్దతో రాసినారు మా పేర్లు,
ఆమె పేరులో ఒక అక్షరం తప్పుగానే.
షేక్ మాబున్ని, గుంతకల్లు.
తలారి ఓబులక్ష్మి, ఉరవకొండ.
అవతల ఒకమ్మాయిది బ్యాంకాక్, ఒకమ్మాయిది పూణె.
వాళ్ళ సంచుల్లో ఆరేసి రాకెట్లు.
మావి ఇద్దరివీ కలిపి మూడు.

మాబున్నిది ఎడంచేతి వాటం.
పిడికి చుట్టిన నల్లటేపు
వాళ్ళ నాయన లోకోషెడ్డు నుంచి తెచ్చిందే.
ఆమె సర్వ్ చేసే ముందు
నెట్టు దగ్గర వంగి, వీపు వెనక నేను వేళ్ళు చూపిస్తా.
ఒకటంటే ఈడనే ఉంటా.
రెండంటే దాటుకుంటా.
పిడికిలంటే, నీ ఇష్టం మే.

చూసేవాళ్ళు పదకొండు మంది,
ఉడకబెట్టిన సెనిక్కాయలు ఒలుచుకుంటా.
నిచ్చెన కుర్చీ మీద అంపైరమ్మ మాత్రం
సంతలో వేలం పాడినట్టు మా పాయింట్లు పాడతాంది.

మొదటి సెట్టు పాయ.
రెండోది గాలి చేతిలో పెట్టినాం,
ఆకాశానికేసి కొట్టిన బంతిని
అదే తిప్పుకొచ్చి గీత మీద కూచోబెట్టింది.
ఇంక పది పాయింట్ల ఆట.
ఎనిమిది, ఎనిమిది.
ఎనిమిది, తొమ్మిది.

అప్పుడొచ్చింది ఆ బంతి.
గట్టిదేం కాదు, తిప్పిందీ కాదు,
సరిగ్గా మా ఇద్దరికీ నడిమికి.
నీదే అనుకున్యా నేను.
నీదే అనుకుందంట ఆమె.
పెళ్ళింట్లో అలిగిన ఇద్దరొదినెల మధ్య
కాఫీ గ్లాసు పట్టుకుపోయే పిల్లోని మాదిరి
తొణక్కుండా దాటిపోయింది.

నెట్టు మీద చేతులు కలిపినాం. చేతులు చల్లగా ఉన్నాయి.
వచ్చిన దుడ్డు తంతులు బిగించినాయనకే చాల్లేదు.

గుంతకల్లు బస్సు, ముగ్గురి సీటు,
మా మధ్యలో సంచి కూచుంది.
కూడేరు దాటినాక కిటికీకి చెప్పినట్టు చెప్పింది:
"హుబ్లీలో రైల్వే ఉద్యోగం.
వచ్చే నెల చేరాలంట.
వారం ముందే వచ్చింది కాగితం."

వారం ముందే.
గాలిమరలు ఒక్కొక్కటే వెనక్కి పోతాండాయి.
కొన్ని తిరుగుతాండాయి, కొన్ని లేదు.
ఆ బంతి గురించి అడుగుదామనుకున్యా.
ఆమె సెనిక్కాయల పొట్లం విప్పి
నా వైపు జరిపింది.

ఉరవకొండ వచ్చింది. కండక్టరు అరుస్తాండాడు.
సంచి భుజానేసుకుని, మెట్ల దగ్గర
వెనక్కి తిరగకుండానే
వీపు వెనక చెయ్యి పెట్టినా.
ఒక వేలు లేసింది. రెండోది లేయబోయింది.
రెండూ ముడిచినా.