రెండు గంటల పడవ

రెండింటికి పడవ, అన్నాడు మకామే.
రెండింటికే వచ్చాను,
చెప్పులు చేత పట్టుకుని, ఎండంతా నెత్తిన పెట్టుకుని.
పడవ లేదు.
పడవ తేలాల్సిన సముద్రమూ లేదు.

జంబియానిలో సముద్రం
చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోతుంది.
ఎక్కడో మైలు దూరాన ఒక తెల్లటి గీత,
ఆ గీత దగ్గర దాని గొంతు.
మిగిలిందంతా తడి ఇసుక,
ఇసుకలో దిగ్గొట్టిన కర్రలు, కర్రల మధ్య తాళ్లు,
తాళ్ల పొడవునా చిక్కుపడ్డ జడల్లాంటి నాచు.

నాచు కోస్తున్న మ్వనఖేరి నడుం ఎత్తి,
మోకాళ్ల దాకా ఎగదోపిన గుడ్డని సర్దుకుని అడిగింది:
"ఏ రెండు?"

రెండులో రకాలుంటాయా?
ఉంటాయట.
ఇక్కడ పొద్దు పొడిచాకే లెక్క మొదలు.
నా ఏడు వీళ్లకి ఒకటి,
నా ఎనిమిది వీళ్లకి రెండు.
పొద్దున నేను పళ్లు తోముకుంటూ
ఇంకా బోలెడు టైముందిలే అనుకుంటున్నప్పుడే
మకామే తెరచాప ఎత్తి, కాసేపు దారి చూసి,
పోటు ఆగదు కదా,
వెళ్లిపోయాడు.

ఆరు గంటలు.
చిరిగిన జేబులోంచి చిల్లర జారినట్టు.
కోపం రావాలి. వచ్చింది కూడా.
విసవిసా నాలుగడుగులు వేసేసరికి
పీత ఒకటి కన్నంలోకి దూరి
రెండు కళ్లు మాత్రం బయటపెట్టి చూసింది.
దాంతో ఏం పోట్లాడతాం.

నా సంగతి మ్వనఖేరి పక్కామెకి చెప్పింది,
ఆమె ఆ పక్కామెకి.
నవ్వు తాడు వెంబడే పాకి
తెల్ల గీత దాకా వెళ్లింది.
"ఊరికే నిలబడకపోతే ఈ కొస పట్టుకో" అంది.
పట్టుకున్నాను.
అంతకు మించి ఆ మధ్యాహ్నం నేను చేసిన పనేం లేదు.
తాడు కొస పట్టుకుని, ఆమె లాగినప్పుడు వదులు చేసి,
వద్దన్నప్పుడు బిగించి.

ఒడ్డున ఆమె అత్త, బి మిజే,
బురదలో గొయ్యి తవ్వి కొబ్బరి డొక్కలు పైకి తీస్తోంది.
నల్లబడి, మెత్తబడి, ఊరంతా కంపు.
బాది పీచు తీసి తాళ్లు పేనుతారట.
ఎన్నాళ్లు నానాయి అంటే
ఆరు నెలలు, అంది,
ముక్కు మీద ఈగని తోలుకున్నంత తేలిగ్గా.
నా ఆరు గంటల మాట మళ్లీ ఎత్తలేదు నేను.

ఆమె మనవడు కొంబో
నా వాచీ అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి,
తలకిందులుగా నా మణికట్టుకి కట్టాడు.
ఇప్పుడు సరిగ్గా ఉంది, అన్నాడు.
చూస్తే నిజమే,
ఎనిమిదిలో ఉండాల్సిన ముల్లు రెండులో ఉంటుంది.
నిమిషాలే తప్పుతాయి.
నిమిషాలతో ఇక్కడ ఎవరికి పని?

సముద్రం తిరిగొచ్చేటప్పుడు
అలలతో రాదు.
ముందు పీత కన్నాల్లో ఊరుతుంది,
తరవాత మా అడుగుల్లో,
తరవాత ఎవరో మరిచిపోయిన ఒంటి చెప్పు
మెల్లగా బయల్దేరుతుంది.
నాచు మూటలు నెత్తిన పెట్టుకుని
ఆడవాళ్లు పరుగెత్తకుండానే నీళ్ల కంటే ముందు ఒడ్డు చేరారు.
నేను పరుగెత్తి, తొడల దాకా తడిశాను.

చీకటి పడుతుండగా మకామే వచ్చాడు,
పడవలో మూడు ఆక్టోపస్‌లు, ఒక పాటి చేప.
"రాలేదేం?" అన్నాడు.
వచ్చాను, అన్నాను.
ఇద్దరం నిజమే చెప్పాం.

రేపు కూడా రెండింటికేనా?
కాదట. రేపు నీళ్లు ఇంకాస్త ఆలస్యం,
ఎల్లుండి ఇంకాస్త.
"నీళ్లొచ్చినప్పుడు రా."
తిరుగు టికెట్ మీద తేదీ ఏదో ఉంది.
సంచి అడుగున ఉండాలి, తీసి చూడలేదు.

చేతులు సబ్బుతో కడిగినా నాచు వాసన.
కొబ్బరి పాలలో ఉడికిన ఆక్టోపస్ ముక్కలతో
రాత్రి రెండింటికి అన్నం తిని,
మూడింటికల్లా నిద్రపోయాను.