చేపల మెట్లు

రామ్‌నగర్ చేపల మార్కెట్లో ఆదివారం పొద్దున
థర్మోకోల్ పెట్టె మూత తీస్తే
ముందు పొగలాంటి చలి, తర్వాత వెండి.
రాజమండ్రి నుంచి రాత్రి బస్సు డిక్కీలో
సామాను టికెట్టు మీద వచ్చిందట.

నాకు వెంటనే లెక్క తట్టింది, పాత రోగం:
సముద్రానికి ఐదువందల మీటర్ల పైన ఉన్నాం.
ఏ పులసా ఇంత ఎగువకి ఈదలేదు.
ఆనకట్ట ఆపిన చేపని
బస్సు ఆపలేదు.

అండాలు కత్తిపీట మీద కాలేసి కూచుంది.
మొగుడు హిమాయత్‌సాగర్‌లో వలేసిన రోజుల్నుంచీ
ఆమె వేలు దూరని మొప్ప లేదు.
ఎత్తి చూసింది, వాసన చూసింది.
"గోదారిది కాదు సారూ, ఒడిశా దిక్కుది.
ఉప్పు ఇంకా దిగలే దీనికి."
పెట్టె ఆసామి గుర్రుమన్నాడు, బేరం చెడగొట్టకమ్మా అని.
"నువ్వు అమ్ముకోరాదూ, నేనొద్దన్ననా?
చేపకి పైసలు తీస్కో. పేరుకి తీస్కోకు."

ఉప్పు దిగడం.
మా ఫైళ్లలో ఆ మాట ఎక్కడా లేదు.
క్యూసెక్కులున్నాయి, గేట్లున్నాయి,
ఎర్రనీళ్లకి ఎదురెక్కుతూ
ఒంట్లోని సముద్రాన్ని కొంచెం కొంచెంగా వదిలేసే ప్రాణికి
గడి గీయలేదెవరూ.

ఎర్రమంజిల్ ఆఫీసులో నేను ట్రేసర్ని.
ఒక బ్యారేజీ. పేరెందుకు, కట్టారు, నీళ్లిస్తోంది,
ఆ నీళ్ల అన్నం నేనూ తిన్నాను.
దాని కుడి గట్టు పక్కన
చేపల మెట్లు గీశాను,
పదిహేడు, ఒక్కోటి అడుగెత్తు,
అన్నిటికన్నా సన్నపు పెన్నుతో.

నమూనా అమెరికా పుస్తకంలోది.
అక్కడి నదుల్లో షాడ్ అని ఒకటుంది,
మన పులసకి పెదనాన్న కూతురు వరస.
మంచు కరిగాక ఏటికి ఎదురెక్కుతుంది.
కొన్ని ఆనకట్టల దగ్గర దానికి లిఫ్టు కూడా ఉంది:
తొట్టెలో ఎక్కించి పైన నీళ్లలో వదులుతారు.
గోడకి గాజు కిటికీ, కిటికీ ముందు కుర్చీ,
కుర్చీలో ఒక మనిషి, పోయే చేపల్ని లెక్కపెడుతూ.
దానికి జీతం!
ఆ ఉద్యోగం మీద నాకెంత మోజు పుట్టిందో
మా ఆవిడకి కూడా చెప్పలేదు.
అక్కడా లెక్క తగ్గుతోందని చాన్నాళ్లకి చదివాను.
కుర్చీలో మనిషి మాత్రం
కిటికీవైపే చూస్తుంటాడనుకుంటా.

తర్వాత సవరణ వచ్చింది. ఖర్చు తగ్గింపు, ఎనిమిదో అంశం.
"ఆ మెట్లు తీసెయ్యవయ్యా" అన్నారు ఇంజనీరుగారు,
టీలో చక్కెర వద్దన్నంత తేలిగ్గా.
ట్రేసింగ్ బట్ట మీద సిరా తుడిస్తే పోదు.
సగానికి విరిచిన బ్లేడుతో గీకాలి,
బట్ట చిరక్కుండా, ఊపిరి బిగబట్టి,
ఒక్కో మెట్టూ.
మధ్యాహ్నానికి గట్టు నున్నబడింది.
అక్కడేదో ఉండేదని తెలియడమే లేదని
నా చేతిని మెచ్చుకున్నారు.

అండాలు పొలుసు గీకుతోంది,
తోక నుంచి తలకి, ఎదురుగా.
ఒకటి ఎగిరి నా మణికట్టు మీద అంటుకుంది.
కడుపు కోసి, ఆగింది.
రెండు సంచుల నిండా గుడ్డు.
"ఎటో పోతుండె పాపం, తొవ్వల వట్టిన్రు.
గుడ్డు వేరే కట్టన్నా, పులుసులనే ఏస్తరా?"

పైసలిచ్చాను. పులస ధర కాదు, ఒడిశా ధర కాదు,
గొణుక్కుంటూ ఇద్దరం ఒప్పుకున్న మధ్య ధర.

చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగినప్పుడు
కింద మూసీ నురగలు కక్కుతోంది.
సంచిని ఒళ్లో
ఆ పక్క నుంచి ఈ పక్కకి మార్చుకున్నాను.

మలక్‌పేటలో మా లిఫ్టు చెడిపోయి వారమైంది.
నడిచే ఎక్కాను. మోకాలు పట్టేసి రెండుచోట్ల ఆగాను.
సంచి కారుతోంది,
మెట్టుకో చుక్క, ఐసునీళ్లో, ఇంకేమో.

పైనుంచి దిగుతున్న సఫియా బేగం
గోడకి ఒత్తిగిలి దారిచ్చి, ముక్కు ఎగబీల్చి,
"పులసేనా భాయ్‌సాబ్?" అంది.

ఇంకా కాలేదు, అన్నాను.