కొమ్మ పాతిన చోట

(బెయిరా, మొజాంబిక్. వానాకాలం)

రా మార్గిట్, ఆ కాగితం ఇలా ఇవ్వు.
పన్నెండు జాగ్రత్తలు, పైన మీ సంస్థ ముద్ర.
ఆ అక్షరాలు నాకు రావు గానీ
పటంలో ఈ నారింజ మరక మా పేటేనని తెలుస్తోంది.
వేలు పెట్టి చూపించు, నా ఇల్లెక్కడ?
ఈ రంగు కిందేనా నేను ఇన్నేళ్లూ
వేరుశెనగలు వేయించి అమ్ముతున్నది?

సరే. దొంగలున్నారు. ఎందుకుండరు?
ఫోను ఊపుకుంటూ చాపా బండెక్కకు,
కిటికీ పక్కన అసలు కూర్చోకు.
డబ్బు మూడు చోట్ల దాచుకో.
పోగొట్టుకోడానికి కొంచెం,
తినడానికి కొంచెం,
ఇల్లు చేరడానికి కొంచెం. ఆ మూడోది
నా కపులానా కొంగున ముడేసి ఉంటుంది, అడుగు.
దారి తెలియకపోతే తెలిసినట్టే నడువు.
మగవాళ్లని అడగొద్దని కాదు,
పిల్లని చంకనెత్తుకున్నవాణ్ణి అడుగు.

పెళ్లయిందా అంటే అయిందని చెప్పు.
రేవులో క్రేను నడుపుతాడు, పేరు ఫెలిస్బెర్తో.
నలభై ఏళ్లు నన్ను కాపాడినవాడు,
పాపం, పుట్టనే లేదు.

రాత్రి ఎనిమిదికల్లా వచ్చెయ్.
అది నియమం కాదు,
గుమ్మంలో నిలబడే నా మోకాళ్ల మీద జాలి.

ఇవన్నీ మీ కాగితంలోనూ ఉండే ఉంటాయి.
లేనిదొకటి చెబుతా.

వాన పడితే మా వీధి ఏరవుతుంది.
మురుగు గుంతల మూతలు ఇనుము ధరకి ఎప్పుడో పోయాయి.
పైన నీళ్లు అద్దంలా,
కింద తెరిచిన నోరు.
ఆ నీళ్ల నడుమ మామిడి కొమ్మ నిలబడి
దానికో ఎర్రగుడ్డ పీలిక కనిపిస్తే
పక్కకి తప్పుకో.

కొమ్మ పాతింది మా సందు జెకా.
నిన్న చూశావు వాణ్ణి. చూసి
సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నావు.
వాడూ చూశాడు.
తప్పు పట్టను, సంచీ నీది.
కానీ పోయినేడు ఆ గుంతలోంచి
బడి చొక్కాతో ఉన్న పిల్లని
పైకి తీసింది వాడే.
తీసేసరికే
సరే, వదిలెయ్.
అప్పట్నుంచి ఉరిమితే చాలు,
చెట్టెక్కి కొమ్మ విరుస్తాడు.

ఎప్పుడైనా వరద ఆ కొమ్మని లాక్కుపోతే
నువ్వొకటి పాతు.
నీ పోర్చుగీసు తడబడినా పర్లేదు దానికి.

లే, వాన తగ్గింది.
ఆ చెప్పులు కాదు, బూట్లు.